పులికాట్ గుడ్డ, మలక్కా వీధి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం తరఫున ఫోన్ చేసిన తమ్ముడు, “ఇంజనీరువి గదన్నా, పిల్లలకు ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పు” అన్నాడు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ సభలోనే పదిమంది ఉన్నారు. అందుకని నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. సముద్రానికి ఇంత దూరాన ఉన్న వడమాలపేటలో నిలబడి రెండు రేవుపట్నాల గురించి మాట్లాడతాను. సంబంధం ఏముందని మీకు అనిపించవచ్చు. ఉంది, చెబుతాను.

ఉద్యోగరీత్యా నేను మలేసియాలోని పినాంగ్‌లో నాలుగేళ్ళున్నాను. పినాంగ్ ఒక దీవి, దాని ముఖ్యపట్టణం జార్జిటౌన్. అక్కడ ఏటా జూలై 7న రాష్ట్రమంతటికీ సెలవు. అది ఏ రాజు పుట్టినరోజో, ఏ నాయకుడి వర్ధంతో కాదు. 2008లో సరిగ్గా అదే రోజున కెనడాలోని క్యూబెక్‌లో సమావేశమైన యునెస్కో వారసత్వ సంఘం జార్జిటౌన్‌నూ, దానికి దక్షిణాన ఉన్న మలక్కానూ కలిపి ప్రపంచ వారసత్వ నగరాలుగా గుర్తించింది. మలక్కాను ఇప్పుడు మెలాకా అంటున్నారు, నేను పాత పేరే వాడతాను. ఆ గుర్తింపు పండగ మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. చీనా వంశాల సంఘభవనాలు తలుపులు తీసి ఎవరొచ్చినా లోపలికి రమ్మంటాయి. గుడి దగ్గర తమిళం, మసీదు దగ్గర మలయ్, సందు చివర హొక్కియన్ చీనా వినబడతాయి. ఒక ఊరు తాను ఊరైనందుకు పండగ చేసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

గుర్తింపు దేనికొచ్చిందో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఇక్కడే పొరబడతారు. వారసత్వ సంపద అంటే మనకు గుడి, కోట, శిల్పం గుర్తొస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో మొదట ఆ గౌరవం దక్కింది పాలంపేట రామప్ప గుడికి, 2021లో. మన తిరుమల కొండలు కూడా ప్రకృతి సంపదగా 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి, సంతోషం. అయితే జార్జిటౌన్‌లో రామప్ప లాంటి శిల్పమూ లేదు, తిరుమల లాంటి కొండా లేదు. గుర్తించిన ముఖ్య ప్రాంతం 109 హెక్టార్లు, అంటే 270 ఎకరాలు. అందులో జాస్తిగా ఉన్నవి మామూలు దుకాణాలు. కింద కొట్టు, పైన కాపురం. గొప్పదనం ఎక్కడంటే, ఒకే వీధిలో 1818లో కట్టిన సెయింట్ జార్జి చర్చి, దానికి కాస్త ఇవతల చీనావాళ్ళ కరుణాదేవి గుడి, ఇంకాస్త ఇవతల 1833 నాటి మహామారియమ్మ కోవెల, ఆ తర్వాత 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు. ఆ చివర నుంచి ఈ చివరకు నడిస్తే పది నిమిషాలు. ఇన్ని జాతులవాళ్ళు వందల ఏళ్ళుగా ఒకరి పక్కన ఒకరు బతుకుతున్నారనీ, ఇంకా బతుకుతూనే ఉన్నారనీ చూసి ఇచ్చిన గుర్తింపు అది. గోడల కంటే గోడల మధ్య ఉన్న మనుషులే అక్కడ ముఖ్యం.

వాళ్ళంతా అక్కడికెందుకు చేరారు? గాలి వల్ల. ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన కారణం ఇది. తెరచాప ఓడకు గాలే డీజిలు. నైరుతి గాలి వీచినన్నాళ్ళు గుజరాత్ నుంచి, కోరమాండల్ తీరం నుంచి ఓడలు తూర్పుకు వెళ్ళగలవు. ఈశాన్యపు గాలికి చైనా ఓడలు కిందికి దిగగలవు. ఈ రెండు గాలులూ కలిసే ఇరుకు దారి మలక్కా జలసంధి. ఒక గాలికి వచ్చినవాడు రెండో గాలి లేచేదాకా తిరిగి వెళ్ళలేడు. నెలల తరబడి ఆగాలి. ఆగినవాడికి తిండి కావాలి, సరుకుకు గిడ్డంగి కావాలి, మొక్కుకోవడానికి గుడో మసీదో కావాలి. కొందరికి పెళ్ళాం కూడా కావాల్సొచ్చింది. గుజరాతీ వర్తకుడూ, చీనా వర్తకుడూ ఒకే రేవులో కలిసేది అలాగే.

సుమారు 1400లో పరమేశ్వరుడనే రాజు పెట్టిన ఊరు మలక్కా. నూరేళ్ళు తిరక్కుండానే తూర్పుదేశాల్లోకెల్లా పెద్ద సంత అయింది. తోమే పిరెష్ అనే పోర్చుగీసు అధికారి 1512 తర్వాత అక్కడుండి రాసిన పుస్తకంలో ఆ రేవులో 84 భాషలు వినబడతాయని రాశాడు. ఎనభై నాలుగనేది లెక్కపెట్టి రాసిన సంఖ్యో, ఆశ్చర్యం కొద్దీ రాసిన సంఖ్యో గాని, దాన్ని నడిపించిన ఏర్పాటు మాత్రం గట్టిది. షాబందర్లని నలుగురు రేవు అధికారులుండేవారు. ఒకరు గుజరాతీలకు. ఒకరు కెలింగులకు, బెంగాల్, పెగూ, పాసై వర్తకులకు. ఒకరు జావా, ఆపై దీవులవాళ్ళకు. ఒకరు చైనావాళ్ళకు, ర్యూక్యూ, చంపా వాళ్ళకు. తగాదా వచ్చినా, సుంకం కట్టాలన్నా, గిడ్డంగి కావాలన్నా తమవాడి దగ్గరికే వెళ్ళొచ్చు. ఈ రోజుల్లో ఏ విమానాశ్రయంలోనూ అంత సదుపాయం చూడలేదు.

కెలింగులు అన్నాను గదా. అది కళింగం నుంచి వచ్చిన మాట. మొదట్లో మన తూర్పుతీరం మనుషులందరికీ అదే పేరు. ఇప్పుడక్కడ ఆ మాట తిట్టుగా మారింది, కాబట్టి మలేసియా వెళితే ఎవరినీ ఆ పేరుతో పిలవకండి. మసీదుల పేర్లలో మాత్రం పాత గౌరవంతో నిలిచిపోయింది. భాషలోకి చేరిన మన మాటలు ఇంకా ఉన్నాయి. మలయ్‌లో కొట్టును కెడై అంటారు, అది తమిళ కడై. సరుకు దాచే చోటును గుడాంగ్ అంటారు, మన గిడ్డంగికీ తమిళ కిడంగుకూ దగ్గరి చుట్టమది. ఇంగ్లీషువాళ్ళు దాన్నే గోడౌన్ చేసి మళ్ళీ మనకే అప్పజెప్పారు.

ఇక మన సంబంధం. మలక్కాలో ఒక బట్టల కొట్టుకు వెళ్ళాను. మలయ్ మగవాళ్ళు శుక్రవారం నమాజుకు కట్టుకునే గళ్ళ లుంగీలు వరసగా వేలాడుతున్నాయి. కొట్టులో పెద్దాయన తమిళ ముస్లిం. పేరేమని అడిగితే “కైన్ పెలికాట్ తంబీ” అన్నాడు. కైన్ అంటే గుడ్డ. పెలికాట్ అంటే? “ఊరి పేరు, ఎక్కడుందో తెలీదు” అన్నాడు. నాకు తెలుసు. పులికాట్! మనవాళ్ళు ప్రళయకావేరి అనీ, తమిళులు పళవేర్కాడు అనీ పిలిచేది. స.వెం.రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు, ఆ మడుగే. మన సూళ్ళూరుపేట, తడ పక్కనే. ఇక్కడి నుంచి పొద్దున బయల్దేరితే సద్దన్నం వేళకు చేరుకోవచ్చు. ఆ రేవు నుంచి గుడ్డ నాలుగైదు వందల ఏళ్ళు తూర్పుకు వెళ్ళింది. రేవు పూడిపోయింది, కట్టినవాళ్ళూ కట్టించినవాళ్ళూ పోయారు, ఆ ఊరి పేరు మాత్రం కోట్లమంది నడుములకు చుట్టుకుని ఉంది. నూలు గుడ్డ గోడ కంటే గట్టిదని ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ రాయలేదు.

పులికాట్ వర్తకుల్లో తెలుగు మాట్లాడే శెట్టులు, బలిజలు, తమిళ మరక్కాయర్లు అందరూ ఉన్నారు. 1511లో మలక్కా పోర్చుగీసుల చేతికి పోయింది, 1641లో డచ్చివాళ్ళ చేతికి పోయింది. ఆ డచ్చివాళ్ళకు 1610లో పులికాట్‌లో వ్యాపారం చేసుకోమని అనుమతి ఇచ్చిందెవరు? చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన వెంకటపతి రాయలు. ఈసారి తిరుమల వెళ్ళినప్పుడు మహాద్వారం దాటగానే రాయలవారి విగ్రహాలున్న మండపంలో చూడండి. కృష్ణదేవరాయలను అందరూ గుర్తుపడతారు, వెంకటపతి రాయల విగ్రహం ఎదుట మాత్రం ఎవరూ ఆగరు. మనం క్యూలో నలుగుతూ దాటిపోయే ఆ రాజు ఇచ్చిన అనుమతితో 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట లేచింది. కోరమాండల్ తీరంలో డచ్చి వ్యాపారానికి 1690 దాకా అదే రాజధాని. మలక్కాకు, జావాకు, ఇంకా తూర్పున ఉన్న మసాలా దీవులకు గుడ్డ ఇక్కడి నుంచే వెళ్ళేది. ఆ దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే వెండి కంటే మన గుడ్డే బాగా చెల్లేది.

పండగ మాటలు మాట్లాడుతున్నాను గనక చెడ్డ సంగతి దాచను. అదే పులికాట్ నుంచి డచ్చివాళ్ళు గుడ్డతోపాటు మనుషులనూ ఎక్కించారు. కరువు కాలంలో తమను తాము అమ్ముకున్నవాళ్ళనూ, ఎవరో ఎత్తుకొచ్చి అమ్మినవాళ్ళనూ బటావియాకు బానిసలుగా పంపారు. ఆ ఓడలెక్కినవాళ్ళకు ఏ వీధిలోనూ పలక లేదు.

తమంతట తాము వెళ్ళి నిలబడినవాళ్ళ సంగతి వేరు. మలక్కాలో చిట్టి అనే చిన్న సమాజం ఉంది. పేరు మన శెట్టి నుంచే. కోరమాండల్ వర్తకులు అక్కడి ఆడవాళ్ళను పెళ్ళాడగా పుట్టిన సంతతి. వాళ్ళకు తమిళం రాదు, తెలుగు రాదు, ఇంట్లో మలయ్ మాట్లాడతారు, ఆడవాళ్ళు మలయ్ దుస్తులే కట్టుకుంటారు. మతం మాత్రం మారలేదు. డచ్చివాళ్ళ కాలంలో, 1781లో, వాళ్ళు నిలిపిన వినాయకుడి గుడి బంగారు పనివాళ్ళ వీధిలో ఇప్పటికీ ఉంది. అదే వీధిలో కెలింగుల మసీదు, కాస్త ముందుకెళితే చీనా గుడి. చిట్టిల ఇళ్ళలో భోగినాడు పెద్దలకు అరిటాకుల్లో వడ్డించి మొక్కుతారు. ఆ వడ్డించే పదార్థాల్లో కొబ్బరిపాల మలయ్ వంటలుంటాయి. మొక్కు భోగిదే. మన భాష పోగొట్టుకుని మన భోగిని నిలబెట్టుకున్నవాళ్ళను చూస్తే ఏమనాలో నాకు తోచలేదు.

పినాంగ్ చరిత్ర ఇంకా కొత్తది. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఇంగ్లీషు జెండా పాతిన తర్వాతే పట్నమైంది. మనవాళ్ళు అక్కడికి వర్తకులుగా కంటే కూలీలుగా ఎక్కువ వెళ్ళారు. రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు. తెలుగువాళ్ళలో ఎక్కువమంది విశాఖ, శ్రీకాకుళం వైపువాళ్ళు. పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో చుట్టుపక్కల వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉగాది చేస్తారు, సెలవురోజుల్లో పిల్లలకు తెలుగు బడులు పెడతారు. చెన్నపట్నం నుంచి నాగపట్నం మీదుగా పినాంగ్, సింగపూరులకు ‘రజులా’ అనే ఓడ 1926 నుంచి 1973 దాకా నడిచింది. తర్వాత ‘చిదంబరం’ అనే ఓడ వచ్చింది. 1985లో అందులో మంటలు లేచిన తర్వాత ఆ ప్రయాణీకుల ఓడల కాలమే ముగిసింది. మీ ఇళ్ళలో పాత ట్రంకుపెట్టె మీద పినాంగ్ అని రాసి ఉంటే దాన్ని పాత ఇనుముకు వేయకండి, నాకు చూపించండి.

ఇప్పుడు కాసేపు నా వృత్తి. జార్జిటౌన్ దుకాణపు ఇల్లు ముందువైపు ఇరుకు, వెనక్కి పొడవు. ముందు ఐదడుగుల వరండా, ఒక ఇంటి వరండా పక్కింటి వరండాలో కలుస్తుంది గనక వీధి పొడవునా వానలో తడవకుండా నడవొచ్చు. దాన్ని మలయ్‌లో కాకి లిమా అంటారు. కాకి అంటే అక్కడ పాదం, లిమా అంటే ఐదు. మన తిన్నెకు అది చుట్టం, కాకపోతే మన తిన్నె కూర్చోడానికి, వాళ్ళది నడవడానికి. ఇంటి నడుమ వాన పడే ఖాళీ చోటు ఉంటుంది, మన పాత ఇళ్ళలో లాగానే. వేడిగాలి పైకి పోతుంది, చల్లగాలి వీధివైపు నుంచి వస్తుంది. కరెంటు బిల్లు లేదు.

గోడలు ఇటుక, సున్నం. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పాత ఇటుక గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది. సున్నపు గచ్చు ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి ఉండదు, గోడ లోపలే ఉండి ఉప్పు పూస్తుంది, కొన్నేళ్ళకు ఇటుకే పొడి అవుతుంది. చూసేవాళ్ళకు పైపూత గట్టిగానే కనిపిస్తుంది. జార్జిటౌన్‌లో గుర్తింపు తర్వాత మరమ్మతు చేసేవాళ్ళకు సున్నమే వాడమని చెప్పడం మొదలుపెట్టారు. సున్నం పని తెలిసిన మేస్త్రీల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఒకప్పుడు మన తీరంలోని మేస్త్రీలు గుల్ల సున్నం, గుడ్డుసొన, బెల్లం కలిపి అద్దంలా మెరిసే గచ్చు చేసేవారు. సింగపూరులోని సెయింట్ ఆండ్రూస్ చర్చి లోపలి గోడలకు అదే పూత, మద్రాసు చునాం అని పేరు. మన ఊళ్ళలో గానుగ సున్నం ఆడించిన చేతులు ఎన్ని మిగిలాయో, వచ్చే సమావేశంలోపు లెక్కపెట్టి చెప్పగలరా?

గుర్తింపు వచ్చాక అంతా బాగుందని చెప్పలేను. అక్కడ పాత ఇళ్ళకు అద్దె పెంచకూడదనే చట్టం 1999 చివరితో ముగిసింది. తరాలుగా ఉన్న దుకాణదారులు, చాపలు అల్లేవాళ్ళు, బిర్యానీ వండేవాళ్ళు, బోర్డులు రాసేవాళ్ళు అద్దె కట్టలేక ఒక్కొక్కరే వెళ్ళిపోవడం అప్పుడే మొదలైంది. గుర్తింపు వచ్చాక ఇళ్ళ ధర ఇంకా పెరిగింది. కొన్న కొత్తవాళ్ళు చిన్న హోటళ్ళు, కాఫీ దుకాణాలు పెట్టారు. ముఖద్వారం అలాగే ఉంటుంది, రంగు కూడా పాతదే, లోపల తాత ఉండడు. ఇంకొందరు ఇళ్ళను ఖాళీ చేయించి పిచ్చుకల వంటి పక్షులను పెంచారు, వాటి గూళ్ళు చీనావాళ్ళ సూపుకు పనికొస్తాయి, మంచి ధర. ఆ పక్షులకు ఇంట్లో ఎప్పుడూ తేమ ఉండాలి, కాబట్టి లోపల నీళ్ళు చల్లుతారు. రెండిళ్ళకూ ఒకే గోడ గదా, పక్కింటివాడి గోడ నానిపోతుంది. రాత్రింబగళ్ళు ఆ పక్షులను పిలిచే రికార్డు కూతలు. 2013 చివరికల్లా వాటిని వారసత్వ ప్రాంతం నుంచి తీసేయమని ప్రభుత్వం గడువు పెట్టింది. ఎత్తు 18 మీటర్లు దాటకూడదన్న నియమం ఉండగా అంతకు మించిన హోటళ్ళకు అనుమతి ఇచ్చినందుకు 2009లో యునెస్కో పరిశీలకులను పంపింది. సముద్రంలో గుంజల మీద కట్టుకున్న చీనా వంశాల పేటల్లో రెండు, గుర్తింపు రావడానికి రెండేళ్ళ ముందే, 2006లో, కొత్త కట్టడాల కోసం కూలిపోయాయి. మిగిలినవాటికి ఇప్పుడు యాత్రికులు బారులు తీరతారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గుర్తింపు లేకపోతే ఆ ఊరు ఇంకా ముందే ఎత్తయిన మేడల కిందికి పోయేది, కాబట్టి పండగ న్యాయమైనదే. అయితే గోడను కాపాడే చట్టం ఉంటే చాలదు, గోడ లోపల అద్దెకున్న మనిషిని కాపాడే ఏర్పాటు ముందుగా ఉండాలి. అక్కడ ఆ రెండోది ఆలస్యమైంది.

మరి మలక్కాకు గుడ్డ పంపిన పులికాట్? దానికి ఏ జూలై పండగా లేదు. డచ్చివాళ్ళ సమాధుల తోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, సమాధుల రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు. గెల్డ్రియా కోట ముళ్ళచెట్ల కింద దిబ్బ. ఎర్ర రాతితో కట్టిన ఆదినారాయణ పెరుమాళ్ గుడి, పాత మసీదులు, మరక్కాయర్ల పెద్ద ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఊరేమో తమిళనాడులో, మడుగులో ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలో. రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న వస్తువు ఎవరిదీ కాకుండా పోవడం మనకు తెలియంది కాదు. మన తాతల దస్తావేజుల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉంటుంది. 1911లో చిత్తూరు జిల్లా అయ్యాం. 1960లో తిరుత్తణి అటు వెళ్ళింది, పుత్తూరు ఇటు నిలిచింది. 2022లో తిరుపతి జిల్లా అయ్యాం. గీతలు మారాయి గాని, మన ఇళ్ళలో తెలుగు వాక్యం నడుమ తమిళ మాట దూరడం మాత్రం ఆగలేదు. బడికొచ్చిన కొత్తలో కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన అయ్యవార్లు మన తెలుగు విని నవ్వేవారు. మలక్కా రేవులో ఆ తెలుగుకు మర్యాద దక్కేది.

సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో నేను అడిగేవి రెండే. మన మండలంలో సున్నపు గచ్చుతో నిలబడిన పాత ఇళ్ళు, తిన్నెలు, బావులు ఎన్నున్నాయో కొలిచి పటాలు గీయించాలి. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు రాకముందే. టేపు, కాగితం, కొలవడం నేర్పే మనిషి నా తరఫున. తొమ్మిది, పదో తరగతి పిల్లలు ఇద్దరిద్దరుగా ఒక్కో ఇంటికి వెళ్ళి, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ గదిని ఏమని పిలుస్తారో, ఏ మాట తమిళమో ఏది తెలుగో కూడా రాసుకు రావాలి.

రెండోది, జనవరిలో మడుగుకు రాజహంసలు వచ్చే రోజుల్లో పిల్లలను పులికాట్ తీసుకెళ్ళాలి. పక్షులను చూసి ఊరికే తిరిగి రాకుండా, డచ్చి సమాధుల తోటలో ఒక పూట, మరక్కాయర్ల వీధిలో ఒక పూట ఉండాలి. రెండు బస్సుల ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది, నిన్న రాత్రే మాట్లాడుకున్నాం. సోషల్ అయ్యవారు తేదీ చెబితే చాలు. సద్ది ఎవరిళ్ళ నుంచి వాళ్ళు తెచ్చుకోవాలి, పులిహోర అయితే మాకూ కాస్త ఎక్కువ కట్టించండి.